ముప్పై రెండో పేజీలో చీటీ

హుజూర్‌నగర్
2022 జూన్ 12

దేవరకొండ ఖిలా గుట్ట కింద పుస్తకాలు కుట్టే మక్సూద్ బావకు, నీ బామ్మర్ది మారయ్య రాసుకునేది.

అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నయని నవ్వకు. రెండు కండ్లల్ల పొర వచ్చింది. నేను రాసింది నాకే కనవడదు. నీ జాబు వస్తె మా బిడ్డ స్వరూప సదివి వినిపిస్తది. లైబ్రరీల ముప్పైఐదేండ్లు అటెండర్ పని చేసినోన్ని, ఊరందరికి పుస్తకాలందిచ్చినోన్ని, ఇయ్యాల సబ్బు డబ్బ మీది పేరు సదువలేకపోతున్న.

ఏడాది దాటింది నీ ముచ్చట లేక. పోయిన ఏడు ఏప్రిల్ ఆఖరుకు బస్సుల పుస్తకం పార్సిల్ వచ్చింది. గంతే. ఏడాదికొక పుస్తకం కుట్టి పంపుడు నీకు అలవాటే గద, గిదిగూడ గట్లనే అనుకున్న. నువ్వు గుడ్డల పెట్టి కుట్టిన కుట్టు కుట్టే ఉన్నది. స్వరూప విప్పుతనంటె వద్దన్న. ఆపరేషన్ అయినంక కొత్త కన్నుతోని మొదలు అదే సదువుత. ఫోన్ చేద్దమంటె అండ్ల మాట నా చెవికి అందదు, నీకు ఫోనే లేదు. మంచి జోడి.

స్వరూప బట్టలు కుట్టే దుకాణం పెట్టింది. దాని ముంగట బల్ల మీద మేం నలుగురు ముసలోళ్లం కూసుంటం. అండ్ల ఎల్లేశం అని, బస్సు డ్రైవర్ చేసి రిటైరయిండు. రోజు గవే మోకాళ్ల నొప్పులు, గవే గోలీలు. నిన్న నేనన్న, 'మా బావ ఐదో తరగతి సదివిండు గని కుట్టేటందుకు వచ్చిన పుస్తకమల్ల సదివి కుట్టిండు, పరపంచ చరిత్ర మొత్తం ఆయన కడుపుల ఉన్నది' అని. 'గట్లయితె జర కక్కమను' అన్నడు ఎల్లేశం. లోకం ఎక్కడెక్కడ మలుపు తిరిగిందో ఒక్కొక్కటి రాసి పంపు. మాకు పొద్దు పోతది.

అన్వరి చెల్లెకు నా దండాలు. నిమ్మకాయ తొక్కు పంపుమను. ఈడ తొక్కులల్ల కారం తప్ప ఏం లేదు.

మారయ్య

*

దేవరకొండ
2022 జూన్ 17
(పోస్టు చేయలేదు)

మారయ్యా,

నీ జాబు మూడుసార్లు చదివాను. మూడోసారి పైకి చదివాను, ఇంట్లో వినేవాళ్లు లేకపోయినా. 'అన్వరి చెల్లెకు నా దండాలు' దగ్గర ఆగిపోయాను.

అన్వరి పోయి ఏడాది దాటింది. నిరుడు మే తొమ్మిదిన, నల్గొండ దవాఖానలో. కరోనా. ప్లాస్టిక్ తొడుగుల్లో నలుగురు మోసుకుపోయారు. ఆ నలుగురిలో నేను లేను. నన్ను గేటు బయట నిలబెట్టారు.

దవాఖానకు తీసుకుపోయే రోజు పొద్దున ఆమెకు ఊపిరి అందడం లేదు. అయినా అడిగింది, 'అన్నకు కబురు పంపినవా?' అని. కార్డు రాస్తానన్నాను. 'కార్డెందుకు? చీటీ పెట్టు. ముప్పై రెండుల. అన్న అండ్లనే చూస్తడు' అంది. నేనూ మనిషినే, నాకూ బుద్ధి ఉండాలి. కానీ నలభై ఏళ్ల చేతి అలవాటు. అట్టలకు పూసే గంజి గిన్నె పక్కన ఒక పుస్తకం సిద్ధంగా ఉంది. చీటీ పెట్టి, గుడ్డలో కుట్టి, బస్సులో వేసి, ఆటోలో ఆమె పక్కన కూర్చున్నాను.

నీకు గుర్తుందా, ఆ అలవాటు ఎట్లా మొదలైందో. లైబ్రరీ ఆ పక్క, నా దుకాణం ఈ పక్క. నడుమ ఒక్క రోడ్డు. నువ్వు కుర్చీ దిగితే మీ ఆఫీసరు కేకలు. అందుకని కుట్టుడుకు పంపే పుస్తకంలో చీటీ పెట్టేవాడివి, పదహారు పేజీల ఫారాల్లో రెండోది ముగిసేచోట, ముప్పై రెండో పేజీలో. అక్కడ పెడితే జారిపోదు. ఆ చీటీ వెనకాలే నేను జవాబు రాసేవాణ్ని. 'అన్వరి ఖట్టా పులుసు చేసింది, తినిపో' అని నేను. 'అన్నం నేను తెస్తున్న' అని నువ్వు. తోడబుట్టినవాడు లేని పిల్ల నిన్ను ఒకనాడు అన్నా అంది. అంతటితో నేను నీకు బావనయ్యాను.

ఏడాదంతా నిన్ను తిట్టుకున్నాను మారయ్యా. కబురు అందింది, రోగానికి భయపడి రాలేదు అనుకున్నాను. చివరి నాలుగు రోజులు తలుపు చప్పుడైతే చాలు ఆమె అటు చూసేదని నర్సు చెప్పింది. దానికి నిన్ను క్షమించలేదు. ఇప్పుడు తెలిసింది, కుట్టు విప్పనే లేదని.

ఒక సంగతి చెప్తాను, నీ బల్ల మీది వాళ్లకు కాదు, నీకు. అమెరికావాళ్లూ ఇంగ్లీషువాళ్లూ కొట్లాడుకొని, 1814 డిసెంబరులో యూరపులో రాజీ కాగితం మీద సంతకాలు చేశారు. ఆ కబురు ఓడలో సముద్రం దాటాలి. దాటేలోపు, పక్క నెల ఎనిమిదో తారీఖున, న్యూ ఆర్లీన్సు అనే ఊరి దగ్గర రెండు సైన్యాలు మళ్లీ తలపడ్డాయి. ఇంగ్లీషువాళ్లే రెండు వేలమంది పడిపోయారు. ఆ పుస్తకం కుట్టినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. నేనూ నీతో ఏడాది ఒంటరిగా యుద్ధం చేశాను.

కానీ దాంట్లో ఇంకో సంగతి ఉంది, అది ఎవరూ రాయలేదు. కబురు అందేదాకా ఆ ఓడకు ఇవతల పాత లోకమే నడుస్తుంది. అన్వరి బతికి ఉన్న ఇల్లు లోకంలో ఇంకొకటి మిగిలింది. అది హుజూర్‌నగర్‌లో ఉంది. అక్కడ ఆమె నిమ్మకాయలు కోస్తోంది. అక్కడ కూడా ఆమెను చంపడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఈ కాగితం నేను కుట్టే ఏదో ఒక పుస్తకం అట్టలో పొరగా పోతుంది.

*

దేవరకొండ
2022 జూన్ 20

బామ్మర్ది మారయ్యకు మక్సూద్ సలాం.

జాబు అందింది. నీ అక్షరాలు చూసి పోస్ట్‌మన్ 'ఎవరైనా పిల్లలు రాసిన్రా' అని అడిగాడు. డెబ్బై నిండిన పిల్లవాడు అన్నాను.

మలుపులంటే యుద్ధాలూ రాజులూ అనుకుంటారు. నేను కుట్టిన పుస్తకాలన్నిటిలో నాకు బాగా అర్థమైన మలుపు ఒక కారు మలుపు. అది ఎల్లేశంకు చదివి వినిపించు.

1914 జూన్ 28. సరయేవో అనే ఊరు. మన ఊరి లాంటిదే, చుట్టూ గుట్టలు. ఆస్ట్రియా యువరాజు, ఆయన భార్య కారులో పోతున్నారు. పొద్దున ఎవడో బాంబు విసిరాడు. అది వీళ్లకు తగల్లేదు, వెనక కారువాళ్లకు దెబ్బలు తగిలాయి. దవాఖానకు పోయి వాళ్లను చూద్దామన్నాడు యువరాజు. పెద్ద ఆఫీసర్లు కూర్చుని దారి మార్చారు. (ఈ పెద్ద ఆఫీసర్ల సంగతి నీకు చెప్పే పని లేదు. వానాకాలంలో లైబ్రరీ కప్పు కురుస్తుందంటే ఎండాకాలంలో తారు పంపినవాళ్లను చూశావు.) దారి మార్చారు గానీ, ఆ ముక్క డ్రైవరుకు చెప్పడం మరిచారు. అతడు పాత దారిలోనే మలుపు తిప్పాడు. 'ఇటు కాదు' అని ఎవరో అరిచారు. ఆపాడు. సరిగ్గా అతడు ఆపినచోట, పక్కనే, పందొమ్మిదేళ్ల కుర్రాడు జేబులో పిస్తోలుతో నిలబడి ఉన్నాడు. రెండు గుండ్లు. ఆ తర్వాత నాలుగేళ్ల యుద్ధం, కోటికి పైగా చావులు. యుద్ధానికి మందుగుండు అంతకు ముందే పేర్చి ఉందని చదువుకున్నవాళ్లు అంటారు, నిజమే. అయినా ఆ డ్రైవరు ముఖమే నాకు కళ్లకు కడుతుంది.

అన్వరి ఎప్పటిలాగే ఉంది. మాట తగ్గింది. తొక్కు సంగతి చెప్తాను.

మక్సూద్

*

హుజూర్‌నగర్
2022 జూలై 3

బావా,

నీ కారు ముచ్చటకు బల్ల మీద లొల్లి అయింది. ఎల్లేశం లేచి నిలవడ్డడు. 'డ్రైవర్ను ఏమన్నా అంటె ఊకోను. రూటు మార్చినోడు చెప్పాలె. చెప్పకుంట మార్చి, మలిపినంక ఇటు కాదంటె ఎట్ల? ముప్పై ఏండ్లు గిదే బతుకు నాది. కండక్టర్ చెప్పడు, డిపోల చెప్పరు, పబ్లిక్ మాత్రం నన్ను తిడ్తరు' అన్నడు. ఆ డ్రైవర్ మీద ఆయనకు గింత ప్రేమ ఎందుకని స్వరూప నవ్వింది. ఎల్లేశం నవ్వలె. 'అవ్వ, ఎవలు చెప్పనోనికి పాపం అంటుతదా?' అని దాన్నే అడిగిండు. దీనికి జవాబు నువ్వు చెప్పు.

ఇంగో ముచ్చట. అన్వరికి మాట తగ్గిందా? గా మనిషికి? దుకాణంల నువ్వు, నేను ఇద్దరం కలిసి నోరు దెరిస్తె చెల్లె మాటల సగం గాకపోయేది. పానం బాగున్నదా? పంటి నొప్పి గిట్లనా? దాయకు.

తొక్కు మరువకు. జాడీ లేకుంటె ప్లాస్టిక్ డబ్బల పంపు, నాకు ఫికర్ లేదు.

మారయ్య

*

దేవరకొండ
2022 జూలై 15

మారయ్యా,

ఎల్లేశంకు నా సలాం చెప్పు. ఎవరూ చెప్పనివాడికి పాపం అంటదు. చెప్పవలసినవాడికే అంటుతుంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు.

మన దగ్గర పాలన మారిన సంగతే చూడు. నలభై ఎనిమిది సెప్టెంబరులో మా బాపు దిండి వాగు అవతలి పల్లెలో ఉన్నాడు. నిజాం రాజ్యం పోయిందని వాళ్లకు మూడు రోజుల తర్వాత, గొర్రెల మందతో వచ్చిన ఒక ముసలామె చెప్పింది. ఆమె పేరు బక్కమ్మ. 'రాజ్యం పోయిందట బిడ్డా, నీళ్లున్నయా తాగుతందుకు?' అందట. ఆ మూడు రోజులూ వాళ్లు ఏ రాజ్యంలో ఉన్నట్టు? మా బాపు చచ్చేదాకా ఇది అడిగేవాడు. నేను చిన్నప్పుడు వెర్రి ప్రశ్న అనుకునేవాణ్ని.

సరే, నీ మలుపు. బెర్లిన్ అనే ఊరి నడుమ గోడ. అటు మనిషి ఇటు రాకూడదు, ఇరవై ఎనిమిదేళ్లు. 1989 నవంబరులో ఒక సాయంత్రం ప్రభుత్వం తరఫున మాట్లాడే ఒక పెద్దమనిషికి పత్రికలవాళ్ల ముందుకు పోయేముందు ఒక చీటీ ఇచ్చారు. రాకపోకల కొత్త నియమం. అది రేపటి నుంచి అమలని ఆయనకు తెలియదు. చీటీ సరిగా చదవకుండానే పోయి కూర్చున్నాడు. 'ఎప్పటి నుంచి?' అని ఎవరో అడిగారు. కాగితాలు అటు తిప్పి, ఇటు తిప్పి, 'వెంటనే' అన్నాడు. అంతే. జనం గోడ మీదికి పోయారు. కాపలావాళ్లకు ఏం చేయాలో చెప్పేవాడు లేడు, గేట్లు తెరిచారు. మారయ్యా, చీటీ చదవడం ఒక మలుపు, చదవకపోవడం ఇంకో మలుపు.

తొక్కు పంపుతున్నాను. అన్వరి పంపింది. మాట తగ్గింది అన్నాను గదా, వయసు. మా బిడ్డ జబీన్ జడ్చర్లలో మందుల కంపెనీ పక్కనే ఇల్లు తీసుకుంది. వచ్చి ఉండమంటోంది. నా చేతి వాసన ఈ గంజిది, అక్కడి గాలి మందులది. రెండూ కలవవు.

మక్సూద్

*

హుజూర్‌నగర్
2022 ఆగస్టు 8

బావా,

తొక్కు ముట్టింది. కోపం చెయ్యకు, ఒక మాట అడుగుత. గిది చెల్లె చేతిది గాదు.

అన్వరి నిమ్మకాయను ఎనిమిది ముక్కలు కోస్తది. గిండ్ల నాలుగే ఉన్నయి, అవి గూడ నీ అట్టలు కోసినట్టు సక్కగ, గీత గీసి కోసినట్టు. ఉప్పు అయితె సముద్రమే. ఆమె మెంతులు ఏంచి వేస్తది, గివి పచ్చివే. నోట్ల పెట్టుకుంటె నువ్వే కనవడ్డవు బావా, కత్తి వట్టుకోని. నిజం చెప్పు, చెల్లె మంచంల ఉన్నదా? మోకాళ్లా? నాకు ఎందుకు చెప్తలేవు? రమ్మంటె రానా?

ఆపరేషన్ ఈ నెల ఇరవై రెండు. మిర్యాలగూడల. పట్టీ తీసినంక వారం ఆగి సదువుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. నీ పుస్తకం మంచం కాడనే పెట్టుకున్న. రోజొకసారి చేత్తోని తడుముత. కుట్టు నీదే, చేతికి తెలుస్తాంది.

మారయ్య

*

దేవరకొండ
2022 ఆగస్టు 12

మారయ్యా,

వెంటనే రాస్తున్నాను. ఆ పుస్తకం విప్పకు. నిరుడు దాన్ని కుట్టిన రోజు గంజిలో మైలుతుత్తం కలపడం మరిచాను. తుత్తం లేని గంజికి పురుగు పడుతుంది, నీకు తెలుసు. విప్పితే నీ ఇంట్లో మిగతా పుస్తకాలకూ పాకుతుంది. అట్లాగే, కుట్టు కుట్టుగానే, బస్సులో వేసి పంపు. మళ్లీ కుట్టి పంపుతాను. కొత్త కన్నుకు మంచి పుస్తకం ఇస్తాను.

తొక్కు నేనే వేశాను. ఆమెకు చేతకావడం లేదు. అంతకంటే అడగకు.

ఊరికే రాస్తే నీ బల్ల ఊరుకోదు గనక ఒకటి చెప్తాను. జపాను సైనికుడు ఒకడు, ఫిలిప్పీన్సు దేశంలో ఒక దీవి అడవిలో. యుద్ధం 1945లో ముగిసింది. అతడికి కబురు చేశారు. విమానాల నుంచి కాగితాలు జల్లారు, ఇంటివాళ్ల ఫొటోలు వేశారు, మైకులో పిలిచారు. నమ్మలేదు. శత్రువుల మాయ అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లు! నేను నా పెళ్లి కాకముందు నుంచి... లేదు, లెక్క తప్పాను. నేను పుట్టకముందు నుంచి నాకు మీసం వచ్చిన తర్వాత దాకా. చివరికి ఒక కుర్రాడు అడవిలో వెతికి పట్టుకొని, 'యుద్ధం అయిపోయింది తాతా' అంటే, 'నా పై ఆఫీసరు వచ్చి చెప్తే వింటా' అన్నాడు. ఆ ఆఫీసరును వెతికారు. ఆయన అప్పటికి ఏం చేస్తున్నాడనుకున్నావు? పుస్తకాలు అమ్ముకుంటున్నాడు. ఆ ముసలాయన 1974లో దీవికి పోయి, ఎదురుగా నిలబడి, ఆర్డరు పైకి చదివాడు. అప్పుడు తుపాకి దించాడు.

అందరూ ఆ సైనికుణ్ని మూర్ఖుడంటారు. యుద్ధం ఉన్నన్నాళ్లు అతడికి పని ఉంది, ఆర్డరు ఉంది. అయిపోయిందని ఒప్పుకుంటే రేపు పొద్దున లేచి ఏం చేయాలి? నాకు అతడు తెలుసు.

పుస్తకం పంపు.

మక్సూద్

*

హుజూర్‌నగర్
2022 సెప్టెంబరు 14

బావా,

ఆపరేషన్ మంచిగయింది. కుడి కన్ను సాఫ్ కనవడుతాంది. గోడ మీద బల్లి తోక దాక.

నువ్వు చెప్పినట్టే పుస్తకం బస్సుల వేసిన. మీ పక్కూరు మల్లేపల్లి స్టాండుల తీసుకో.

మారయ్య

*

దేవరకొండ
2022 సెప్టెంబరు 19
(పోస్టు చేయను. చేతికి ఇస్తాను.)

మారయ్యా,

నీ జాబులో అన్వరి మాటే లేదు. అది చూసినప్పుడే నాకు తెలియాల్సింది. ఆపరేషన్ చేసుకున్నవాడు మరిచాడు అనుకున్నాను.

పార్సిల్ నిన్న వచ్చింది. దుకాణంలో బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. గుడ్డ నాదే. కుట్టు నాది కాదు. నేను లోపలి నుంచి పట్టు వేసి, మూలకు రెండు ముళ్లు పెడతాను. ఇది సన్నగా, వరుసగా, రవికె అంచు కుట్టినట్టు ఉంది. స్వరూప చెయ్యి. యాభై ఏళ్లు దారంతో బతికినవాడికి ఇది చెప్పాలా?

విప్పాను. ముప్పై రెండో పేజీ. నా చీటీ ఉన్నచోటే ఉంది.

'అన్వరికి బాగలేదు. నల్గొండ దవాఖానకు తీస్కపోతున్న. అన్న వస్తడా అని అడుగుతాంది.'

తిప్పడానికి భయమైంది. నలభై ఏళ్లలో నీ చీటీ వెనక జవాబు లేకుండా నేను ఉంచలేదు, నా చీటీ వెనక జవాబు లేకుండా నువ్వు ఉంచలేదు. తిప్పాను. గుమ్మడికాయలు పోయి మళ్లీ నీ పాత చీమల అక్షరాలు వచ్చాయి.

'బావా. కొత్త కన్నుతోని మొదలు సదివింది గిదే. నీ తొక్కు నోట్ల వెట్టుకున్ననాడే అనుమానమైంది. పురుగు వడ్తదని నువ్వు రాసినంక నిలువలేకపోయిన. విప్పమని స్వరూపకు నేనే చెప్పిన. పదిహేడు నెలలు ఈ చీటీ నా తలాపున ఉన్నది, నేను రోజు పైనుంచి తడిమిన. ఎవలు చెప్పనోనికి పాపం అంటదు అని రాసినవు. నువ్వు చెప్పినవు బావా. నేను విప్పలె. గీ పాపం నాకే ఉండనియ్యి, నువ్వు తీసుకోకు. కాని చెల్లె లేదని ఈ చీటీల లేదు. ఏ కాగితంల రాసినా నమ్మ. నీ జపాన్ సిపాయి లెక్క, మనిషి ఎదురుంగ నిలవడి చెప్తెనే వింట. శుక్రారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. నువ్వే, నోటితోని చెప్పు.'

మారయ్యా, ఆ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. జబీన్‌కు దవాఖానవాళ్లే ఫోన్ చేశారు. ఊళ్లోవాళ్లకు జబీన్ చెప్పింది. నన్ను చూసి అందరూ తల ఊపారు, నేనూ ఊపాను. నోరు తెరిచి 'అన్వరి లేదు' అని అనే పని నాకు పడలేదు.

నిన్నటి నుంచి అలవాటు చేసుకుంటున్నాను. పొద్దున గంజి కలుపుతూ ఒకసారి అన్నాను. 'మారయ్యా, అన్వరి' దాకా వచ్చింది. ఆ తర్వాతి మాట రాలేదు. మధ్యాహ్నం ఖిలా గుట్ట వైపు చూస్తూ అన్నాను. అక్కడెవరూ లేరు గనక కొంచెం సులువైంది. ఇంకా మూడు రోజులున్నాయి.

నీ ఇంట్లో ఆమె పదహారు నెలలు ఎక్కువ బతికింది. అందుకు నీకు నేను రుణపడి ఉన్నాను. శుక్రవారం అక్కడ కూడా పోతుంది. ఏడాదికి పైగా ఆమె లేకపోవడాన్ని నేనొక్కణ్నే మోశాను. ఇక నువ్వూ ఒక కొస పట్టు.

మల్లేపల్లి స్టాండుకు నేనే వస్తాను. నీది కొత్త కన్ను, నాది మునుపటి ముఖం కాదు. నువ్వు గుర్తుపట్టకపోతే చేతిలోని నిమ్మకాయల సంచి ఎత్తి చూపిస్తాను. ఎనిమిది ముక్కలు ఎట్లా కోయాలో నువ్వు చూశావు, నేను తిన్నాను గానీ చూడలేదు.

మక్సూద్